కాగితం ఇచ్చి రావడం కాదు, కాగితం వెంట నడవాలి

(ఈపూరులో విద్యార్థులు, ఉద్యోగులు, యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఎమ్మెల్యేకి చెప్పాం, ఎంపీకి చెప్పాం, కాగితాలిచ్చాం. ఏమైంది? అందరూ ఆ తాను ముక్కలే." ఏ ఊరు పోయినా మాకు వినపడే మాట ఇదే. ఈ కోపం న్యాయమైందే. కానీ కోపంతోనే ఇంట్లో కూచుంటే లాభం ఎవరికి? పని చెయ్యని నాయకుడికే. అడిగేవాళ్ళు లేకపోతే ఆయనకు అంతకన్నా సుఖం ఏముంది?

పల్నాడుకు నీళ్ళిచ్చే సాగర్ కుడికాలువ సంగతే తీసుకుందాం. కృష్ణా నీళ్ళను పెన్నాకు మళ్ళించి మద్రాసు వైపు తీసుకుపోవాలని అప్పటి మద్రాసు ప్రభుత్వం కృష్ణా-పెన్నార్ పథకం తలపెట్టింది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ దానికి ఎదురు నిలిచారు. నందికొండ దగ్గరే ఆనకట్ట కట్టాలని ఇంజనీర్లను వెంటబెట్టుకుని స్థలం చూపించారు. 1952లో ఖోస్లా కమిటీ వచ్చేనాటికి నందికొండకు కార్లు పోయే దారి లేదు. దారి లేదని చెప్పి కమిటీని వెనక్కి పంపించే ప్రమాదం ఉంది. ఆయన చుట్టుపక్కల ఊళ్ళ జనాన్ని కూడగట్టి దారే వేయించారు. కమిటీ వచ్చింది, చూసింది, నందికొండకే మొగ్గింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కమిటీ వచ్చిన ఏటి నుంచి కాలువలో నీళ్ళు పారేదాకా 15 ఏళ్ళు! సాగర్ నీళ్ళ వాటాల మీద ఉన్న పేచీలు మనకు తెలియనివి కావు. ఇక్కడ మేం చెప్పేది అడిగిన తీరు గురించి. అధికారి ఏ సాకు చెప్పబోతున్నాడో ముందే పసిగట్టి, ఆ సాకు లేకుండా చెయ్యడం గురించి.

ఆయన రాజా గనక విన్నారు, మన మాట ఎవరు వింటారు అంటారా? నల్లగొండ చూడండి. అక్కడ ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తరాలకు తరాలు కాళ్ళు వంకర్లు పోయాయి, నడుములు వంగిపోయాయి. దుశ్చర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదులుకుని జలసాధన సమితి పేరుతో జనాన్ని కదిలించారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి పోటీ చేసినవాళ్ళు 480 మంది! బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. దేశమంతా నల్లగొండ వైపు చూసింది. ఆ రైతులు గెలవలేదు. ఆ ఏడాదే సర్కారు 500 రూపాయల డిపాజిట్టును 10 వేలకు పెంచింది. అయినా వాళ్ళు ఆగలేదు. 2003లో ఫ్లోరైడ్ బాధితుడు అంశల స్వామిని ఢిల్లీ తీసుకుపోయి ప్రధాని వాజపేయి ముందు ఉంచారు. నివేదికల్లో అంకెగా ఉన్న బాధను మనిషిగా చూపించారు. నదీజలాలు ఆ ఊళ్ళకు ఆలస్యంగానే చేరాయి, కానీ చేరాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. వరికపూడిశెల ఎత్తిపోతల మాట వింటూ ముసలివాళ్ళయినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. ఎన్ని హామీలు, ఎన్ని శంకుస్థాపనలు! పథకం ఎక్కడ ఇరుక్కుంది? పులుల అభయారణ్యం గుండా పోవాలి గనక అటవీ, వన్యప్రాణి అనుమతుల దగ్గర ఇరుక్కుంది. ఆ అనుమతులు వచ్చాకే 2023 నవంబర్ 15న మాచర్లలో 340 కోట్ల రూపాయలతో మొదటి దశకు మళ్ళీ శంకుస్థాపన జరిగింది. రాయి పడ్డంత మాత్రాన నీళ్ళు రావు. "వరికపూడిశెల కట్టండి" అంటే ఏ నాయకుడైనా "కడతాం" అనే అంటాడు. "ఫైలు ఏ ఆఫీసులో ఉంది, ఈ ఏడాది ఎంత విడుదలైంది, పని ఎంతవరకు వచ్చింది" అని అడిగితే జవాబు వెతుక్కోక తప్పదు.

కాబట్టి మిత్రులారా, నాయకుడి దగ్గరికి దండలు, కెమెరాలు వేసుకుని నలభై మంది పోవద్దు. నలుగురు పోండి. ఒక్క కాగితం, ఒక్క కోరిక. ఊరి పేరు, ఎన్ని ఇళ్ళు, ఎన్ని బోర్లు, ఎవరు చెయ్యాల్సిన పని, అన్నీ ఆ కాగితంలోనే ఉండాలి. నకలు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. నెల తిరిగేసరికి అదే నలుగురూ మళ్ళీ పోండి. ఆయన పీఏ, ఇంజనీరు కూడా మిమ్మల్ని గుర్తుపట్టాలి. వివరాలు ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఊరి స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు పట్టుకుని ఎంపీ దగ్గరికి పోయి పార్లమెంటులో ప్రశ్న వెయ్యమనండి. దానికి 15 రోజుల ముందు నోటీసివ్వాలి గనక సమావేశాలు మొదలుకాకముందే పోండి. పని చేస్తే ఏ పార్టీ వాడైనా నలుగురిలో చెప్పండి. చెయ్యకపోతే అదీ నలుగురిలోనే చెప్పండి.

విద్యార్థులు లెక్కలు తియ్యండి. ఉద్యోగులకు సర్వీసు నిబంధనలున్నాయి, జెండా పట్టమని మేం అడగడం లేదు. జీవో చదివి అర్థం చెప్పండి, అర్జీ తప్పుల్లేకుండా రాసిపెట్టండి, చాలు.

ఆశ అంటే ఏ నాయకుడో మారతాడని ఎదురుచూడటం అని మేం అనుకోవడం లేదు. నాయకులు వస్తారు, పోతారు. నకళ్ళున్న సంచీ మాత్రం మన దగ్గరే ఉంటుంది. కొత్త ఎమ్మెల్యే వచ్చిన రోజు ఆ సంచీతో ఎదురుపడే నలుగురు ప్రతి ఊళ్ళో ఉంటే రాజకీయాల మీద విరక్తికి చోటుండదు.

ఇవాళ మీ ఊరికి పోయి ఆ నలుగురి పేర్లు రాసుకోండి. మొదటి కాగితం ఈ వారంలోనే పోవాలి!