ఉమ్మడి గోడ - యంత్రముల చప్పుడు



రోహిణీ కార్తె ఎండలకు రోళ్లు పగులునని పెద్దలు చెప్పుదురు. ఆ వేడిమికి తాళలేక నేడు గ్రామములలో సైతము కూలర్లు, ఏసీలు అమర్చుకొనుచున్నారు. ఇది సంతోషింపదగినదే. అయితే పాత వీధులలో ఇండ్లు గోడకు గోడ కలిసియుండుటచే, ఒక యింటిని చల్లబరచు యంత్రము పొరుగింటి నిద్రను చెరచుచున్నది. పసిబిడ్డలకు, వృద్ధులకు, తెల్లవారుజామున పొలము పోవలసిన వారికి ఇది స్వల్ప విషయము కాదు.

చప్పుడు గాలి ద్వారా కొంత, గోడ ద్వారా కొంత ప్రయాణించును. మోటారును గాని, ఏసీ బయటి యంత్రమును గాని ఉమ్మడి గోడకు బిగించినచో, ఆ గోడయే తప్పెటవలె అదరి అవతలి గదిలో మ్రోగును. గోడపై అరచేయి ఆనించి చూచిన ఈ అదురు తెలియును. దీనికి తలుపులు మూసినను ప్రయోజనము లేదు.

కనుక ముందుగా యంత్రమును ఆ గోడనుండి విడదీయవలెను. పెరటిలో ఇనుప స్టాండుపై నిలిపి, కాళ్లక్రింద దళసరి రబ్బరు బిళ్లలు వేయవలెను. కూలరును కిటికీ ఊచలకు ఆనించరాదు. ప్లగ్గు తీసివేసిన పిదప రెక్కల దుమ్ము తుడిచి, వదులైన మరలు బిగించి, అరిగిన బేరింగులు మార్పించవలెను. ఫ్యాను వేగమును సగమునకు తగ్గించినచో దాని ధ్వని సుమారు 15 డెసిబెళ్లు తగ్గును. 10 డెసిబెళ్లు తగ్గిననే చెవికి చప్పుడు సగమైనట్లు తోచును. చప్పుడు అణచుటకై యంత్రముపై గోనెపట్టలు మాత్రము కప్పరాదు. గాలి ఆడక యంత్రము వేడెక్కి చెడిపోవును.

కేంద్ర ప్రభుత్వము 2000 సంవత్సరములో చేసిన ధ్వని కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో ధ్వని పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. రాత్రి యనగా 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు.

అయినను ఇరుగుపొరుగుల మధ్య చట్టము కడపటి మెట్టుగా నుండవలెను. ఫిర్యాదు వచ్చినపుడు సభ్యులు రాత్రివేళ స్వయముగా వెళ్లి, యంత్రమును ఒకమారు ఆపించి, ఒకమారు నడిపించి, రెండు ఇండ్లలోను వినవలెనని మేము కోరుచున్నాము. చప్పుడు చేయు యింటివారికి అది అవతల ఎట్లు వినబడునో సాధారణముగా తెలియదు. వారిని కూడ పొరుగింటి గదిలో కొంతసేపు కూర్చుండబెట్టినచో, నాలుగు రబ్బరు బిళ్లలతో తీరవలసిన తగవు కోర్టు మెట్లెక్కకుండ నిలిచిపోగలదు.