పొయ్యి చుట్టూ ఊక బూడిద

ఇంట్లో గ్యాస్ ఉన్నా, నీళ్లు కాగబెట్టుడు మనకు ఇంకా కట్టెల పొయ్యి మీదనే. ఆ పొగ చంకల బిడ్డకు గూడ పోతున్నది.

1980లలో అమెరికాలో లారీ వినియార్స్కీ రూపొందించిన రాకెట్ పొయ్యిని మనం ఇటుకలతో కట్టుకోవచ్చు. కానీ బరువైన ఇటుక, మట్టి మంట వేడిని ముందుగాల తామే గుంజుకుంటయి. మంట చల్లబడితే పొగ ఎక్కువైతది. అందుకే మంట మండే గూడు పల్చగ కట్టి, దాని చుట్టూ ఊక బూడిద నింపాలె. హుజూరాబాద్ చుట్టుపక్కల రైస్ మిల్లులకు కొదువనా! బూడిదల చిక్కిన గాలే వేడిని ఆపుతది; గట్టిగ దంచొద్దు, తడవనియ్యొద్దు. నింపేటప్పుడు ముక్కుకు కొంగు కట్టుకోవాలె.

వేడిని దాచే రాళ్లు, మట్టి గిన్నె దాటినంక పొగ పోయే దారిల పెట్టాలె, మంట దగ్గర కాదు. మాకైతే ఇంతకన్నా వరిగడ్డి గంపనే నయమనిపిస్తది. పప్పు బాగా మసలంగనే దింపి, మూతపెట్టి, గడ్డి నడుమ కూర్చి బొంత కప్పితే మిగతాది కట్టె లేకుండనే ఉడుకుతది.