నీరుండియు పైరు దప్పిగొనుట ఏల?



పొలములో తడి యున్నది, ఎరువు వేసితిమి. అయినను పైరు వాడుచున్నది. ఇట్టి సందర్భము మన సేద్యములో అరుదు కాదు. నేలలో నీరుండుట వేరు, ఆ నీరు మొక్కకు అందుట వేరు. ఈ భేదమునే నేడు విచారింతము.

మొక్క మట్టిని తినదు. 17వ శతాబ్దమున వాన్ హెల్మాంట్ అను శాస్త్రజ్ఞుడు 200 పౌనుల ఎండుమన్ను గల తొట్టిలో 5 పౌనుల విల్లో మొక్కను నాటి, 5 సంవత్సరములు నీరు పోసి పెంచెను. చెట్టు 169 పౌనులకు పెరిగినది. మన్ను తరిగినది సుమారు 2 ఔన్సులు మాత్రమే. చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన తలచెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువు చేయు పని ఆయన ఎరుగడు. నేలనుండి వచ్చు పోషకములు స్వల్పమే. కాని అవి లేనిదే మొక్క బ్రదుకదు.

వేరునుండి ఆకువరకు నీటిని ఎక్కించు యంత్రమేది? ఎండకు ఆకుల సూక్ష్మరంధ్రములనుండి నీరు ఆవిరియై పోవును. పోయిన నీటి వెంట, కాండములోని సన్నని నాళములలో తెగని దారమువలెనున్న నీరు పైకి లాగబడును. ఈ సిద్ధాంతమును 1894లో డిక్సన్, జాలీ అనువారు ప్రతిపాదించిరి.

అయితే మట్టిరేణువులును నీటిని తమవైపు పట్టియుంచును. ఇసుక నేల పట్టు సడలు. నీరు త్వరగా దిగిపోవును. నల్లరేగడి చాల నీటిని దాచుకొనును గాని, అందు కొంత భాగమును గట్టిగా బిగబట్టును. అందుచేతనే చేతికి మన్ను చెమ్మగా తగులుచున్నను పైరు వాడవచ్చును. ఉప్పుచౌడులో లవణములే నీటిని వేరునకు దక్కనీయవు.

నీరు నిలిచిన చేనిలో మిరప వాడుట ఇంకొక వింత. వేరు కూడ ఊపిరి తీయవలెను. ఆ శక్తితోనే అది లవణములను లోనికి గ్రహించును. నీరు మట్టిసందులను నింపినచో గాలికి చోటుండదు. వరికి మాత్రము ఆకులనుండి వేళ్ళకు గాలి చేర్చు మార్గములు శరీరములోనే కలవు.

పోషకములన్నియు ఒకే రీతిని నడువవు. నత్రజని నైట్రేటు రూపములో నీటితో పయనించును. కావున నీరు మితిమీరినచో వేళ్ళకు అందని లోతునకు కొట్టుకొనిపోవును. భాస్వరము మట్టిని అంటిపెట్టుకొని, పంటకాలమంతయు గడచినను కొద్ది మిల్లీమీటర్లకు మించి కదలదు. వేరే దాని యొద్దకు పోవలెను. మూలకేశములును, వేళ్ళతో పొత్తు చేసికొను కొన్ని శిలీంధ్రములును ఇందుకు తోడ్పడును.

కావున భాస్వరపు ఎరువును విత్తునప్పుడే వేళ్ళు చేరగల లోతున వేయుట మేలు. నత్రజనిని ఒక్కసారిగా గాక విడతలుగా, నేల పదునుగా నున్నప్పుడు ఇయ్యవలెను. మెట్టపైరునకు నీరు పెట్టు కాలువ ఎంత ముఖ్యమో, మురుగు తీయు కాలువయు అంత ముఖ్యము. పెరటి తులసికుండీకి అడుగున రంధ్రముంచుటలోని మర్మమును ఇదియే. పైరు వాడినంతనే మడవ తీయక, వేళ్ళున్న లోతునుండి పిడికెడు మన్ను తీసి చూతము. అది పొడియై రాలినచో నీరు పెట్టుదము. బురదయై కారినచో ముందుగా నీటిని తీయుదము.