మాస్టారు నేర్పిన పాఠం
(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఆన్‌లైన్‌లో ప్రజెంటేషన్ ఎలా ఇవ్వాలో కొత్తవాళ్లకు చెప్పమన్నారు. నేనేమీ నిపుణురాలిని కాను. పొరపాటు చేసి నేర్చుకున్నదాన్ని. ముందు ఆ పొరపాటే చెబుతాను.

మా బ్రాంచి పింఛనుదారులకు సైబర్ మోసాల గురించి ఆన్‌లైన్‌లో చెప్పే పని నాకు అప్పగించారు. 30 స్లైడ్లు తయారుచేసి, 40 నిమిషాలు ఉన్నది ఉన్నట్టు చదివేశాను. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. అందరికీ అర్థమైందని మురిసిపోయాను.

పది రోజుల తర్వాత వాళ్లలో ఒక మాస్టారు బ్రాంచికి వచ్చారు. ముందురోజు పాత సోఫా కొంటానన్నవాడెవడో "డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నాడట. కొట్టారు. 18,000 రూపాయలు పోయాయి. వెంటనే 1930కి ఫోన్ చేయించాం గానీ, అప్పటికే డబ్బు చేతులు మారిపోయింది.

"ఆ రోజు చెప్పాను కదా మాస్టారూ" అన్నాను.

"చెప్పే ఉంటావమ్మా. కాసేపు విని, ఫోన్ బల్ల మీద పెట్టి పేపర్ చదువుకున్నాను" అన్నారు.

ఆ సంగతి నా 24వ స్లైడ్‌లో ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోసారి చెప్పే ముందు మా అమ్మాయిని పక్క గదిలో ఫోన్ పట్టుకుని వినమన్నాను. "అమ్మా, నువ్వు మాతో కాదు, స్లైడ్లతో మాట్లాడుతున్నావు" అంది. అప్పుడు అన్నీ మార్చాను. ల్యాప్‌టాప్ కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి కెమెరాను కళ్ల ఎత్తుకు తెచ్చాను. కిటికీ వెనకవైపు లేకుండా ఎదురుగా ఉండేలా కూర్చున్నాను. స్క్రీన్ మొత్తం కాకుండా స్లైడ్ల విండో ఒక్కటే షేర్ చేశాను. ఖాతాదారుల వివరాలు పొరపాటున కూడా కనబడకూడదు కదా! చాట్ చూసే పని ఒక సహోద్యోగికి ఇచ్చాను.

స్లైడ్లు ఆరే. అసలు మాట మొదటి స్లైడ్‌లోనే పెట్టాను: డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదు. తర్వాత తెర మీద ఒక క్యూఆర్ కోడ్ చూపించి, "మీకు 500 ఇస్తానంటున్నాను. స్కాన్ చేసి పిన్ కొడతారా?" అని ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగాను. కొందరు కొడతామన్నారు. అప్పుడు మాస్టారే మైక్ ఆన్ చేసి "కొట్టకండి, నేను కొట్టాను" అంటూ తన కథ చెప్పారు. ఆ తర్వాత అరగంటసేపు ప్రశ్నలే ప్రశ్నలు.

పిల్లలూ, మీకో మాట. మీ అమ్మో నాన్నో రేపు ఆన్‌లైన్‌లో మాట్లాడాల్సి వస్తే, ముందురోజు పక్క గదిలో కూర్చుని వినండి. ఎక్కడ విసుగొచ్చిందో మొహమాటపడకుండా చెప్పండి. ఆ మాట మీరు చెప్పకపోతే, ఇంకెవరూ చెప్పరు.

సెలవు.