పూస లోపలి దూరం: జెల్‌లో చిన్న అణువుల విసరణ

మా మాస్టారు రసాయన శాస్త్రం చెబుతూ చెబుతూ మమ్మల్ని జీవకణం గడప దాకా తీసుకెళ్లేవారు. ఆయన పేరిట మాట్లాడమన్నప్పుడు ఆ రెండూ కలిసే చోటు నుంచే విషయం ఎంచుకున్నాను.

ఈస్ట్ కణాలను సోడియం ఆల్జినేట్ ద్రావణంలో కలిపి, సిరంజి సూదిలోంచి చుక్కచుక్కగా కాల్షియం క్లోరైడ్‌లోకి వదిలితే, ప్రతి చుక్కా ఉడికిన సగ్గుబియ్యం గింజలా గట్టిపడి పూస అవుతుంది. ఆల్జినేట్ గోధుమరంగు సముద్రపు నాచులోంచి వస్తుంది. మన దేశంలో తమిళనాడు రామనాథపురం తీరంలో సర్గాసం నాచును దీనికోసం సేకరిస్తారు. ఆల్జినేట్ గొలుసుల్లోని గులురోనిక్ ఆమ్లపు భాగాలు కాల్షియం అయాన్లను చెరోవైపు నుంచీ పట్టుకుంటాయి, అలా వల ఏర్పడుతుంది. కణాలు వలలోనే ఉండిపోతాయి. చక్కెర లోపలికి వెళుతుంది, ఆల్కహాల్ బయటికి వస్తుంది. పూసలను వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన ముచ్చట కాదు. జపాన్‌లోని తనబె సెయ్యాకు సంస్థలో ఇచిరో చిబాతా బృందం 1973లోనే పాలీఅక్రిలమైడ్ జెల్‌లో ఇ.కోలై కణాలను బంధించి, ఆస్పార్టిక్ ఆమ్లాన్ని పరిశ్రమ స్థాయిలో తయారుచేసింది. 1980లో లిమ్, సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఆల్జినేట్ గుళికల్లో పెట్టి, మధుమేహం ఉన్న ఎలుకల్లో అమర్చారు.

మరి ఈ జెల్ చక్కెరను అడ్డుకుంటుందా? ఎవరిని అడిగినా ముందుగా వచ్చే జవాబు ‘అడ్డుకుంటుంది’ అనే. చేతికి గట్టిగా తగిలే పదార్థం గనుక అలా అనిపించడం సహజం. కానీ గట్టి జెల్లీలోనూ లవణాలు దాదాపు నీటిలో పాకినంత వేగంగానే పాకుతాయని థామస్ గ్రేహమ్ 1861లోనే చూపించాడు. రెండు శాతం ఆల్జినేట్ పూసలో మిగిలిన తొంభై ఎనిమిది పాళ్లూ నీరేనని గుర్తు పెట్టుకుంటే ఇందులో వింత లేదు. 1984లో తనాకా, మాట్సుమురా, వెలికీ కొలిచి చూస్తే గ్లూకోజ్, ట్రిప్టోఫాన్‌ల విసరణ గుణకాలు జెల్‌లోనూ నీటిలోనూ ఒకటిగానే వచ్చాయి. అణుభారం ఇరవై వేల లోపు ఉన్న ఆల్ఫా లాక్టాల్బుమిన్ కూడా అడ్డు లేకుండా తిరిగింది. అరవై తొమ్మిది వేల అణుభారమున్న ఆల్బుమిన్ మాత్రం బయటి ద్రావణం నుంచి లోపలికి సరిగా వెళ్లలేకపోయింది.

అసలు అడ్డంకి దూరం. నీటిలో గ్లూకోజ్ విసరణ గుణకం 25 డిగ్రీల వద్ద సెకనుకు సుమారు 6.7×10⁻¹⁰ చదరపు మీటర్లు. జెల్‌లో కాస్త తగ్గించి 6 అనుకుందాం. పూస వ్యాసార్ధాన్ని వర్గం చేసి ఈ గుణకంతో భాగిస్తే విసరణకు పట్టే కాలం ఏ స్థాయిలో ఉంటుందో తెలుస్తుంది. ఒక మిల్లీమీటరు వ్యాసమున్న పూసకు అది ఏడు నిమిషాలు. నాలుగు మిల్లీమీటర్ల పూసకు దాదాపు రెండు గంటలు. వ్యాసం నాలుగు రెట్లయితే కాలం పదహారు రెట్లయింది. 1855లో అడాల్ఫ్ ఫిక్ రాసిన సమీకరణంలోనే ఇదంతా ఉంది.

రెండో అడ్డంకి మనం పెట్టిన కణాలే. చక్కెర వాటిని చుట్టి పోవాలి. చొరరాని గోళాల గుంపులోంచి ప్రవాహం ఎంత తగ్గుతుందో మాక్స్‌వెల్ 1873లో విద్యుత్తు కోసం వేసిన లెక్క ఇక్కడా పనికొస్తుంది. పూసలో ముప్ఫై శాతం కణాలుంటే విసరణ నీటిలో ఉన్నదానిలో సుమారు అరవై శాతానికి పడిపోతుంది. రెండు శాతం ఆల్జినేట్ తగ్గించేది దీని ముందు లెక్కలోది కాదు.

మూడోది ఆక్సిజన్, గాలి అవసరమైన కణాల విషయంలో అన్నిటికన్నా కఠినమైనది. అది గ్లూకోజ్ కన్నా దాదాపు మూడు రెట్లు వేగంగా పాకుతుంది, నిజమే. కానీ 30 డిగ్రీల నీటిలో గాలి నుంచి కరిగేది లీటరుకు 7.5 మిల్లీగ్రాములే. గ్లూకోజ్‌ను లీటరుకు ఇరవై గ్రాములైనా తేలిగ్గా ఇస్తాం. పై పొరలోని కణాలే ఆక్సిజన్ అంతా వాడేసుకుంటాయి, లోపలి వాటికి అందదు. అది 0.2 మిల్లీమీటర్ల లోతు వరకే చేరుతుందనుకోండి. నాలుగు మిల్లీమీటర్ల పూసలో పనిచేసే భాగం 27 శాతం. ఒక మిల్లీమీటరు పూసలో 78 శాతం. అవే కణాలు, అదే జెల్, పూస ఒక్కటే చిన్నది.

అందువల్ల ఉత్పత్తి తగ్గిందని ఆల్జినేట్‌ను పలచన చేసే అలవాటు నాకు నచ్చదు. పలచన చేస్తే పూస మెత్తబడుతుంది, మాధ్యమంలోని ఫాస్ఫేట్ కాల్షియాన్ని లాగేస్తే ఇంకా త్వరగా విచ్చిపోతుంది. సన్నని సూది వాడండి. సూది చుట్టూ గాలి ఊదితే చుక్క పెరగకముందే తెగిపడుతుంది, పూస చిన్నదవుతుంది. విసరణను కొలిచేటప్పుడు ద్రావణాన్ని బాగా కలియబెట్టండి. లేకపోతే పూస చుట్టూ నిలిచిన నీటిపొర ఆలస్యాన్ని జెల్ ఖాతాలో రాసేస్తారు.

విద్యార్థులారా, మీ ప్రాజెక్టు నివేదికల్లో ఆల్జినేట్ శాతం, కాల్షియం గాఢత, గట్టిపరచిన సమయం తప్పక ఉంటాయి. పూస వ్యాసం, అందులో నింపిన కణాల పరిమాణం, ఉష్ణోగ్రత చాలాసార్లు కనబడవు. అవి లేని విసరణ గుణకాన్ని మరొకరు సరిచూడలేరు. ఈ ఏడాది నుంచి ప్రతి నివేదికలోనూ కనీసం ఇరవై పూసలు కొలిచి, వాటి సగటు వ్యాసాన్నీ, వ్యత్యాసాన్నీ మొదటి పట్టికలోనే రాయండి.