పాత బగ్ రిపోర్టుల గుట్ట: మూసేయాలా, మళ్లీ పరీక్షించాలా?



మీరెప్పుడైనా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో బగ్ రిపోర్ట్ చేశారా? చేసిన ఏడాదికో రెండేళ్లకో "ఈ సమస్య ఇంకా ఉందా, ఒకసారి చూసి చెప్పండి" అని మెయిల్ వచ్చిందా? చాలామందికి అది చూడగానే ఒళ్లు మండుతుంది. ఇన్నాళ్లూ పట్టించుకోకుండా మళ్లీ నన్నే అడుగుతారేంటి అనిపిస్తుంది. కానీ ఆ మెయిల్‌కి మీరిచ్చే రెండు లైన్ల జవాబు చాలా పెద్ద పని చేస్తుంది. ఎలాగో ఈరోజు చూద్దాం. ఉదాహరణకి లిబ్రేఆఫీస్ అనే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ని తీసుకుందాం.

[స్క్రీన్‌పై: లిబ్రేఆఫీస్ బగ్‌జిల్లా]

లిబ్రేఆఫీస్ 2010 సెప్టెంబరులో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి మొదలైంది. కోడ్‌తో పాటు అందులో ఉన్న బగ్స్ కూడా వచ్చేశాయి. వాళ్ల బగ్ రిపోర్టులన్నీ ఉండే చోటు ఈ బగ్‌జిల్లా. ఇక్కడ వెర్షన్ అనే ఫీల్డ్ చూడండి. నంబర్ల మధ్యలో "ఇన్‌హెరిటెడ్ ఫ్రమ్ ఓఓఓ" అని ఒకటి కనిపిస్తోందా? ఓపెన్‌ఆఫీస్ నాటి నుంచే ఉన్న బగ్ అని దానర్థం. అంటే లిబ్రేఆఫీస్ పుట్టకముందే పుట్టిన బగ్ అన్నమాట.

పైగా ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. వాడేవాళ్లు కోట్లలో ఉంటారు, సరిచేయగలిగినవాళ్లు బహు కొద్దిమంది. గుట్ట పేరుకుపోవడానికి ఎవరి నిర్లక్ష్యమో ఉండక్కర్లేదు, ఈ లెక్క చాలు.

గుట్ట పెరిగితే ఏమవుతుంది? ఒకే బగ్ నాలుగు చోట్ల ఉంటుంది. ఎప్పుడో సరైపోయినవి కూడా ఓపెన్‌లోనే కనిపిస్తాయి. ఒక వాలంటీర్ ఆదివారం పూట రెండు గంటలు తీరిక చేసుకుని కూర్చుంటే, ఆ రెండు గంటలూ ఇప్పుడు లేని బగ్‌ని వెతకడానికే సరిపోతాయి. అసలు నష్టం ఇదే.

దీనికి చాలా ప్రాజెక్టులు ఎంచుకున్న దారి బాట్. గిట్‌హబ్‌లో స్టేల్ అనే ఆటోమేషన్ ఉంది. సెట్టింగ్ ఏమీ మార్చకపోతే 60 రోజులు కదలిక లేని రిపోర్టుకి ముద్ర వేసి, ఇంకో 7 రోజులు చూసి మూసేస్తుంది. కుబర్నెటీస్ ప్రాజెక్టులో గడువు ఇంకాస్త ఎక్కువ: 90 రోజులకి "స్టేల్", ఆ తర్వాత 30 రోజులకి "రాటెన్", మరో 30 రోజులకి క్లోజ్.

మెయింటెయినర్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. వేల రిపోర్టుల మధ్య ముఖ్యమైనది కనపడకుండా పోతుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? అయినా ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఎవరూ మాట్లాడనంత మాత్రాన బగ్ పోయినట్టు కాదు. రిపోర్ట్ చేసిన మనిషి ఉద్యోగం మారి ఉండొచ్చు, విసిగిపోయి ఉండొచ్చు. బగ్ మాత్రం అక్కడే ఉంటుంది. రేపు ఇంకొకరు అదే బగ్‌ని కొత్తగా రాస్తారు. పాతదానిలో ఉన్న శాంపిల్ ఫైలు, జరిగిన చర్చ మూసేసిన కుప్పలో పడి ఉంటాయి.

లిబ్రేఆఫీస్‌లో నాణ్యత చూసే క్యూఏ టీమ్ ఇక్కడ ఒక తేడా పాటిస్తుంది. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది.

ఒకటి, సమాచారం సరిపోని రిపోర్టులు. వీటికి "నీడ్ ఇన్ఫో" అని స్టేటస్ పెట్టి వివరాలు అడుగుతారు. ఆరు నెలలైనా జవాబు లేకపోతే గుర్తు చేస్తారు, ఆ తర్వాత ఇంకో నెల చూసి మూసేస్తారు. ఇది న్యాయమే. వివరాలు లేకుండా ఎవరూ ఏమీ చేయలేరు.

రెండు, కన్ఫర్మ్ అయిన బగ్స్. అంటే రిపోర్ట్ చేసినవాళ్లు కాకుండా ఇంకొకరు కూడా తమ కంప్యూటర్లో చూసి, అవును ఉంది అని చెప్పినవి. ఇవి ఏడాదికి పైగా కదలకపోతే రీటెస్ట్ చేయమని అడుగుతారు. అడుగుతారంతే, పాతబడింది కదా అని మూసేయరు. మొదట్లో చెప్పిన మెయిల్ ఇదే.

[స్క్రీన్‌పై: హెల్ప్ మెనూ, అబౌట్ విండో]

దానికి జవాబు ఎలా ఇవ్వాలో చూడండి. ముందు తాజా వెర్షన్ వేసుకోండి. హెల్ప్ మెనూలోనే "రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్" ఉంటుంది, అందులో కూడా ప్రయత్నించండి. ఎందుకంటే కొన్నిసార్లు తప్పు ప్రోగ్రామ్‌ది కాదు, పాడైన మన యూజర్ ప్రొఫైల్‌ది. బగ్ ఇంకా వస్తుంటే, అబౌట్ విండోలో ఉన్న వెర్షన్ వివరాలు కాపీ చేసి, బగ్‌జిల్లాలోని ఆ రిపోర్టులో "ఇంకా ఉంది" అని రాయండి. రాకపోతే వివరాలతో పాటు స్టేటస్‌ని "వర్క్స్ ఫర్ మీ" అని మార్చండి.

"ఫిక్స్‌డ్" అని మాత్రం పెట్టొద్దు. ఏ కోడ్ మార్పు వల్ల సరైందో తెలిసినప్పుడే అది వాడతారు. వెర్షన్ ఫీల్డ్ కూడా ముట్టుకోవద్దు. బగ్ మొట్టమొదట ఏ వెర్షన్లో కనిపించిందో చెప్పే ఆధారం అదే.

ఆ ఆధారం ఎందుకంత ముఖ్యం? ఒకప్పుడు బాగా పనిచేసి తర్వాత చెడిపోయిన వాటిని రిగ్రెషన్ అంటారు. ఎక్కడ చెడిందో పట్టుకోవడానికి లిబ్రేఆఫీస్ వాళ్లు ముందే బిల్డ్ చేసిన వెర్షన్లని గిట్‌లో దాచి ఉంచారు. ఈ పద్ధతి పేరు బిబైసెక్ట్. నిఘంటువులో పదం వెతికేటప్పుడు మధ్యకి తెరిచి, ముందుకో వెనక్కో వెళ్తాం కదా, అలాగే ఇది కూడా. వెయ్యి బిల్డ్‌లున్నా పదిసార్లు పరీక్షిస్తే తప్పు చేసిన మార్పు దగ్గరికి చేరిపోతాం. కంపైల్ చేయక్కర్లేదు, ఒక్క లైను కోడ్ రాయక్కర్లేదు.

ఇక మన తెలుగు సంగతి. 2017లో వచ్చిన లిబ్రేఆఫీస్ 5.3 వెర్షన్లో అక్షరాలు పేర్చే పనిని అన్ని ప్లాట్‌ఫామ్‌లలోనూ హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌కి అప్పగించారు. కింద ఇంజినే మారితే, అంతకుముందు రాసిన టెక్స్ట్ బగ్స్‌లో ఏవి పోయాయో, ఏవి మిగిలాయో మళ్లీ చూడాల్సిందే. ఒత్తు తప్పు చోట పడిందా, గుణింతం విడిపోయిందా, కర్సర్ అక్షరం మధ్యలో ఆగిందా? తెలుగు చదవడం రాని డెవలపర్ ఎంత గొప్పవాడైనా దీన్ని చూసి చెప్పలేడు. తెలుగు చదవగలిగిన ఎవరైనా చూసీ చూడగానే చెప్పేస్తారు.

ప్రాజెక్టులు నడిపేవాళ్లకి నా మనవి ఒక్కటే. బాట్‌ని అడగడానికి వాడండి, తీర్పు మనిషికి వదిలేయండి. సమాచారం లేక మూసేయడం వేరు, వయసు చూసి మూసేయడం వేరు.

వాడేవాళ్లకి ఒక మాట. ఈ వారాంతం బగ్‌జిల్లాలో తెలుగు అని వెతకండి. పాత రిపోర్ట్ ఏదైనా ఒకటి తెరిచి, తాజా వెర్షన్లో పరీక్షించి, ఉందో లేదో రాయండి. కోడింగ్ రాకపోయినా ఓపెన్ సోర్స్‌కి మీరు చేయగలిగిన గట్టి సాయం ఇదే. చేసి చూడండి.