గురువులను తయారుచేసే గురువులు ఏరి?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పదో తరగతిలో మా ఫిజికల్ సైన్స్ సారు కుంభాకార కటకం నా చేతికిచ్చి, కిటికీ అవతలి వేపచెట్టును గోడ మీదికి తెమ్మన్నారు. కటకాన్ని ముందుకూ వెనక్కూ జరిపాను. గోడ మీద చెట్టు తలకిందులుగా నిలిచింది. కటకానికీ గోడకూ మధ్య దూరాన్ని స్కేలుతో కొలిపించి, "ఇదేరా నాభ్యంతరం" అన్నారు. నేను ఇంజనీరునైంది ఆ రోజే అనుకుంటాను.

చాలా ఏళ్ల తర్వాత ఆ మాటే చెబితే సారు నవ్వారు. "నా గొప్పేం లేదు. బీఎడ్‌లో మా లెక్చరర్ ప్రతి ఒక్కరితో ఆ ప్రయోగం చేయించాకే క్లాసుకు పంపేవారు" అన్నారు.

ఆ లెక్చరర్ల గురించే ఈ నాలుగు మాటలు.

నా మిత్రుడొకడు ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఆపై ఎంఎడ్ చేసి ఒక ప్రైవేటు బీఎడ్ కాలేజీలో చేరాడు. అక్కడ ల్యాబు తాళం తనిఖీ రోజునే తీసేవారు. జీతం రెండు మూడు నెలలకోసారి. ఇంటర్ కోచింగ్ వాళ్లు పిలిస్తే వెళ్లిపోయాడు. ఇద్దరు పిల్లల తండ్రి, ఇంకేం చేస్తాడు? వాణ్ణి తప్పుపట్టే హక్కు నాకు లేదు. నేనసలు ఆ వైపే వెళ్లలేదు.

ప్రభుత్వ సంస్థల కథ వేరు. 1986 జాతీయ విద్యావిధానం వల్ల జిల్లాల్లో డైట్‌లు వచ్చాయి. మనకు హనుమకొండలో ఉంది. కానీ తెలంగాణ డైట్‌లలో లెక్చరర్లు రిటైరవుతూ పోయారు. ఏకీకృత సర్వీసు నిబంధనల వివాదం కోర్టుల్లో ఏళ్ల తరబడి నలగడంతో ఆ పోస్టులకు పదోన్నతులు నిలిచిపోయాయి. బడుల నుంచి టీచర్లను డిప్యుటేషన్ మీద తెచ్చి నెట్టుకొచ్చారు. అంటే ఒక గుంత పూడ్చడానికి ఇంకో గుంత తవ్వడమే.

జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఉపాధ్యాయ శిక్షణ లోపాలను ఎత్తిచూపింది. 2015 నుంచి బీఎడ్ రెండేళ్లయింది. ప్రయోగం చేయించే మనిషి లేనప్పుడు ఏడాదైతేనేం, రెండేళ్లయితేనేం?

నిరుడు ఒక బడికి ల్యాబు సామాను ఇవ్వడానికి వెళ్లాను. అక్కడి యువ టీచరమ్మ కిరణ చిత్రాన్ని బోర్డు మీద ముత్యంలా గీశారు. బీరువాలో కటకం మాత్రం కాగితం విప్పకుండానే ఉంది. "మాతో ఎవరూ చేయించలేదు సార్" అన్నారు నెమ్మదిగా. ఇద్దరం కలిసి చేశాం. గోడ మీద చెట్టు కనబడగానే ఆమె ముఖంలో నా పదో తరగతి కనిపించింది. తప్పు ఆమెది కాదు. గొలుసు ఆమెకంటే ముందే తెగింది.

స్వర్ణోత్సవ నిధితో స్వాగత తోరణం కడదామంటున్నారు. కట్టండి. కొంత మాత్రం పక్కన పెట్టండి. నెలకొక శనివారం మన బడి ల్యాబు తెరిచి, బీఎడ్, డీఎడ్ విద్యార్థులను పిలుద్దాం. రిటైరైన మన సైన్స్ సార్లు దగ్గరుండి చేయిస్తారు. ఇది ఖాళీ పోస్టులకు మందు కాదు. వాటిని నింపమని సర్కారును అడగడం ఎలాగూ మానొద్దు.

మొదటి శనివారానికి కటకాలు నేను తెస్తాను. వేపచెట్టు ఇంకా అక్కడే ఉంది.